పాత ట్రక్కుకు కొత్త ప్లగ్గులు

పిల్లలూ! ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ తెల్లవారుజామునైనా గుంటూరు మిరపకాయల యార్డు వైపు వెళ్ళి చూడండి. పల్నాటి నుంచి, చిలకలూరిపేట నుంచి, అద్దంకి, మార్టూరు, పర్చూరు వైపుల నుంచి బళ్ళు బారులు తీరి వస్తూ ఉంటాయి. లారీలు, ట్రాక్టర్లు, చిన్న చిన్న పికప్ ట్రక్కులు, అన్నిటి మీదా మిరపకాయల టిక్కీలే! ఒక్కొక్క టిక్కీలో సుమారు నలభై కిలోల కాయలు కుక్కి ఉంటాయి. గాలి పీలిస్తే తుమ్ము వస్తుంది, కళ్ళు మండుతాయి. కాని ఆ ఘాటులోనే ఒక్కొక్క కుటుంబం ఏడాది పొడుగునా చేసిన కష్టం ఉన్నది.

ఆ బారులో వచ్చే పాత ట్రక్కు ఒకటి నడిదారిలో దగ్గి, తుమ్మి, ఆగిపోయిందనుకోండి. సరుకు ఆ పూట బేరానికి అందదు. మర్నాడు ధర ఎట్లా ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఈలోగా మెకానిక్కు వచ్చి, బానెట్టు ఎత్తి, వేలెడంత వస్తువు ఒకటి ఊడదీసి, “ప్లగ్గు పోయిందండీ” అంటాడు. పెద్దాయన తన జేబు చూసుకుని, “ఏదో ఒకటి వేసి బండి కదిలించు బాబూ!” అంటాడు.

ఆ “ఏదో ఒకటి” అనే మాటలోనే ప్రమాదమంతా ఉన్నది. ప్లగ్గు ఖరీదు చాలా తక్కువ. కాని తగని ప్లగ్గు వేస్తే ఇంజనుకు ఇంజనే చెడిపోవచ్చు. తగినదాన్ని ఎంచుకోవటం ఎట్లాగో తెలుసుకోవాలంటే కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం, కాస్త లెక్కలు కావాలి. అవన్నీ మీకు బడిలో చెప్పినవే.

అసలు మీ బండికి ప్లగ్గులున్నాయా?

ఇది వేళాకోళం ప్రశ్న కాదు. యార్డుకు వచ్చే పికప్ ట్రక్కుల్లో ఎక్కువ భాగం డీజిలుతో నడిచేవి. డీజిలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1892లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గాలిని సిలిండరులో గట్టిగా అదిమితే అది తనంతట తానే వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కటం మీకు తెలుసు గదా! డీజిలు ఇంజనులో గాలిని పదహారు రెట్లు, ఇరవై రెట్లు కూడా అదుముతారు. అప్పుడా గాలి ఎంత వేడెక్కుతుందంటే, అందులోకి చిమ్మిన నూనె నిప్పురవ్వ అవసరం లేకుండానే భగ్గున అంటుకుంటుంది. కొన్ని డీజిలు బళ్ళకు “హీటర్ ప్లగ్గు” ఉంటుంది. అది చలిలో ఇంజను మొదలు పెట్టేటప్పుడు వెచ్చబరచటానికి మాత్రమే. అది వేరు, మనం చెప్పుకునేది వేరు.

పెట్రోలుతోనో, గ్యాసుతోనో నడిచే బండికే స్పార్క్ ప్లగ్గు కావాలి. పాత కాలపు జీపులు, వాటి ఇంజనులతో తయారైన పికప్పులు, మారుతీ ఓమ్ని వ్యానులు, ఈ మధ్య కాలపు చిన్న పెట్రోలు ట్రక్కులు ఈ జాతివి. మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపుల భాగాలు కూర్చి మన దేశంలో అమ్మటం మొదలుపెట్టారు. ఆ జీపు ఇంజనులో నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు. తరవాత తరవాత ఖర్చు కలిసివస్తుందని ఎంతోమంది అటువంటి బళ్ళలోని పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను పెట్టించారు. అందుచేత పాత బండి పైకి కనిపించే పేరును బట్టి లోపల ఏ ఇంజనున్నదీ చెప్పటానికి వీలులేదు. దుకాణంలో చెప్పవలసింది బండి పేరు కాదు, ఇంజను పేరు. ఈ మాట గుర్తుంచుకోండి.

చేతిలో ఇమిడే పిడుగు

పెట్రోలు ఇంజను సిలిండరులోకి పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం వస్తుంది. పిస్టను పైకి లేచి దాన్ని అదుముతుంది. సరిగ్గా ఆ క్షణాన ప్లగ్గు కొన దగ్గర ఒక నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం మండి, వాయువులు వ్యాకోచించి, పిస్టనును కిందికి తోస్తాయి. ఆ తోపుడే చక్రాలను తిప్పుతుంది.

నిప్పురవ్వ ఎట్లా పుడుతుంది? ప్లగ్గు మధ్య ఒక లోహపు కడ్డీ ఉంటుంది. దాని చుట్టూ తెల్లని పింగాణి. దానిపైన ఉక్కు తొడుగు. ఆ తొడుగు అంచు నుంచి ఒక చిన్న కొక్కెం వంగి కడ్డీ కొనకు ఎదురుగా నిలబడుతుంది. రెంటికీ మధ్య ఒక సన్నని సందు. బండి బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. ఇగ్నిషన్ కాయిలు దాన్ని 15 వేలు, 20 వేలు, అంతకు మించి కూడా పెంచుతుంది. అంత ఒత్తిడి వచ్చేసరికి సందులోని వాయువు ఇక ఆపలేక దారి ఇస్తుంది. చిటుక్కున రవ్వ దూకుతుంది. మేఘానికీ భూమికీ మధ్య జరిగే పనే ఇక్కడ మిల్లీమీటరు సందులో జరుగుతుంది.

ఇప్పుడొక లెక్క. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. ఈ రకం ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి ఒక్కొక్క ప్లగ్గు పని చేస్తుంది. అంటే నిమిషానికి 1,200 రవ్వలు. గంటకు 72,000. ఇరవై వేల కిలోమీటర్లు తిరగటానికి 400 గంటలు పడుతుంది. అప్పటికి ఒక్కొక్క ప్లగ్గు విసిరిన రవ్వలు 2 కోట్ల 88 లక్షలు! ప్రతి రవ్వా లోహాన్ని కంటికి కనపడనంతగా కొరుకుతుంది. అందుకే ప్లగ్గు అరిగిపోతుంది, అందుకే మార్చాలి.

ఈ వస్తువు ఒక్కనాడు పుట్టింది కాదు. ఎత్యేన్ లెన్వార్ అనే ఆయన 1860లో పారిస్‌లో గ్యాసుతో నడిచే ఇంజను చేసి, దాన్ని విద్యుత్తు రవ్వతో వెలిగించాడు. రాబర్ట్ బాష్ కర్మాగారంలో గాట్లాబ్ హోనాల్డ్ అనే ఇంజనీరు 1902లో ఎక్కువ వోల్టుల మాగ్నెటో, దానికి తగిన ప్లగ్గు తయారు చేశాక మోటారు బళ్ళకు ఇది నమ్మకమైన సాధనమయింది. మన దేశంలో 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. దాన్నే పొట్టిగా “మైకో” అనేవారు. మీ తాతగారిని అడగండి, స్కూటరుకు మైకో ప్లగ్గు కొన్న సంగతి చెబుతారు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారింది.

ముందు కొలత, తరవాతే తక్కినవి

చెప్పు కొనేటప్పుడు ముందు కాలి కొలత చూస్తాం. ప్లగ్గుకూ అంతే.

మొదటిది మరల లావు. చాలా బళ్ళకు ఇది 14 మిల్లీమీటర్లు. కాని 10, 12, 18 మిల్లీమీటర్లవి కూడా ఉన్నాయి.

రెండవది మరల పొడుగు. ఇక్కడే చాలామంది పొరపడతారు. లావు ఒకటే అయినా పొడుగు వేరుగా ఉండవచ్చు. పాత విల్లీస్ జీపు ప్లగ్గు మరల పొడుగు అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. మరి కొన్ని ఇంజనులకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇంకా చాలావాటికి 19 మిల్లీమీటర్లు. పొట్టి ప్లగ్గు ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే దాని కొన లోపలికి చొచ్చుకుపోయి, కదిలే వాల్వుకో పిస్టనుకో తగలవచ్చు. ఒక్క దెబ్బతో వేల రూపాయల నష్టం! పొడుగుది ఉండవలసిన చోట పొట్టిది వేస్తే రవ్వ రంధ్రంలోనే దాక్కుంటుంది. మిశ్రమం సరిగా అంటుకోదు. పైగా ఖాళీగా మిగిలిన మరల్లో బొగ్గు గట్టిపడి, తరవాత సరైన ప్లగ్గు తెచ్చినా అది లోపలికి దిగదు.

మూడవది కూర్చునే చోటు. కొన్ని ప్లగ్గుల అడుగు బల్లపరుపుగా ఉంటుంది. వాటికి వాచరు ఉంటుంది. కొన్నిటిది గరాటులాగా ఏటవాలుగా ఉంటుంది. వాటికి వాచరు ఉండదు. ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

వేడి ప్లగ్గు, చల్ల ప్లగ్గు

ఇప్పుడు అసలైన విషయానికి వచ్చాం. కొలతలన్నీ సరిపోయినా ప్లగ్గు తగనిది కావచ్చు.

మీ అమ్మ పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించటం చూశారా? పెనం సరిగా కాగకపోతే కాయలు మెత్తగా, చీదరగా ఉండిపోతాయి. మరీ కాగితే మాడి నల్లబడి, ఇంటిల్లిపాదీ దగ్గుతారు. మధ్యలో ఒక హద్దు ఉన్నది. ఆ హద్దులోనే కాయ కమ్మగా వేగుతుంది. ప్లగ్గు కొనకూ అటువంటి హద్దు ఉన్నది. పింగాణి ముక్కు సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన ఉండాలి. అప్పుడు దాని మీద పడే మసి తనంతట తానే కాలిపోతుంది. ప్లగ్గు తనను తానే శుభ్రం చేసుకుంటుందన్న మాట. అంతకు తక్కువైతే మసి పేరుకుంటుంది. మసి అంటే కార్బను. దానిలో విద్యుత్తు ప్రవహిస్తుంది. అందుచేత విద్యుత్తు సందు దాటటం మానేసి, మసి వెంట జారిపోతుంది. రవ్వ పుట్టదు.

సుమారు 850 డిగ్రీలు దాటితే అపాయం మరొక రకం. కొన ఎర్రగా కాలి, రవ్వ పుట్టకముందే మిశ్రమాన్ని వెలిగిస్తుంది. పిస్టను ఇంకా పైకి లేస్తూ ఉండగానే దాని నెత్తి మీద మంట పేలుతుంది. పిస్టను అల్యూమినియంతో చేసింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆ పేలుళ్ళు ఆగకపోతే చివరకు పిస్టనుకు చిల్లు పడుతుంది!

ప్లగ్గు వేడిని ఎట్లా అదుపులో పెడతారు? మన నల్లరేగడి నేలలో మిరపతోట సంగతి ఆలోచించండి. వాన పడితే నీరు నిలవకూడదు. నిలిస్తే మొక్క చస్తుంది. మురుగు కాలవ దగ్గరగా ఉంటే నీరు త్వరగా పోతుంది. దూరంగా ఉంటే ఆలస్యంగా పోతుంది. ప్లగ్గులో వేడి కూడా ఇట్లాగే పోతుంది. పింగాణి ముక్కు పొట్టిగా ఉంటే వేడి తొందరగా ఉక్కు తొడుగులోకి, అక్కడి నుంచి ఇంజను లోహంలోకి పారిపోతుంది. ఇది “చల్ల ప్లగ్గు”. ముక్కు పొడుగ్గా ఉంటే వేడి చాలా దూరం ప్రయాణించాలి, కనక కొన వేడిగానే ఉంటుంది. ఇది “వేడి ప్లగ్గు”.

ఇక్కడ ఒక అపోహ ఉన్నది. “మాది ఎండల ప్రాంతం. వేసవిలో రెంటచింతల పేరు పేపర్లలో పడుతుంది. అందుచేత మాకు చల్ల ప్లగ్గే మంచిది” అంటారు కొందరు. లెక్క వేసి చూడండి. చలికాలం ఉదయానికీ, ఎండాకాలం మధ్యాహ్నానికీ తేడా పాతిక, ముప్ఫై డిగ్రీలు. సిలిండరులో మండే వాయువు వేడి రెండు వేల డిగ్రీలకు పైన! రెండు వేల ముందు పాతిక ఎంత? బయటి ఎండ ప్లగ్గు రకాన్ని నిర్ణయించదు. ఇంజను నిర్మాణం నిర్ణయిస్తుంది. తయారు చేసినవారు పరీక్షలు చేసి చెప్పిన రకమే వెయ్యాలి.

నెంబర్ల తికమక

చల్లదనం, వేడి తెలిపే అంకె ప్లగ్గు మీదే ఉంటుంది. కాని ఆ అంకె అన్ని కంపెనీలకూ ఒకటి కాదు.

జపానుకు చెందిన ఎన్.జి.కె. ప్లగ్గుల్లో అంకె పెరిగినకొద్దీ ప్లగ్గు చల్లనిది. డెన్సో కూడా అంతే. అమెరికాలో పుట్టిన చాంపియన్‌కు అంకె పెరిగినకొద్దీ ప్లగ్గు వేడిది. ఇప్పటి బాష్ ప్లగ్గులదీ ఇదే పద్ధతి. అంటే పూర్తిగా తలకిందులు! ఇది చాలదన్నట్టు, బాష్, మైకోల పాత ప్లగ్గుల మీద 145, 175, 225 వంటి మూడంకెల సంఖ్యలుండేవి. వాటిలో సంఖ్య పెరిగినకొద్దీ ప్లగ్గు చల్లనిది. పాత 175కు కొత్త పేరు 7. పాత 225కు కొత్త పేరు 5. మీ బండి పుస్తకం ముప్ఫై, నలభై ఏళ్ళ నాటిదైతే దానిలో ఈ పాత సంఖ్యలే ఉండవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. ఎన్.జి.కె. వారి “బి పి 6 ఇ ఎస్”, బాష్ వారి “డబ్ల్యు 7 డి సి”, చాంపియన్ వారి “ఎన్ 9 వై సి”, డెన్సో వారి “డబ్ల్యు 20 ఇ పి” ఇంచుమించు ఒకటే ప్లగ్గు. ఒకే వస్తువుకు 6, 7, 9, 20 అని నాలుగు అంకెలు!

ఇప్పుడొక రైతు అంగడికి వెళ్ళాడనుకోండి. ఆయన బండిలో ఉన్నది ఎన్.జి.కె. ఆరో నెంబరు. అంగడిలో ఆ కంపెనీవి లేవు. “పోనీ, చాంపియన్‌లో ఆరో నెంబరు ఇవ్వండి” అన్నాడు. ఆయన అడిగింది తొమ్మిదో నెంబరు కావలసిన చోట ఆరో నెంబరు. అంటే బాగా చల్ల ప్లగ్గు. ఖాళీ రోడ్డు మీద బండి బాగానే పరుగెత్తవచ్చు. కాని యార్డు ముందు బారులో గంటల తరబడి అంగుళం అంగుళం కదిలేటప్పుడు కొనకు తగిన వేడి రాదు. మసి పడుతుంది. గేటు ఎదురుగానే బండి ఆగుతుంది. అంకె సరిగ్గా చదివాడు, భాష మాత్రం వేరు!

అక్షరాలకు కూడా అర్థాలున్నాయి. “బి పి ఆర్ 6 ఇ ఎస్” అనే పేరును విప్పి చూద్దాం. “బి” అంటే 14 మిల్లీమీటర్ల మర. “పి” అంటే పింగాణి ముక్కు ముందుకు పొడుచుకు వచ్చినది. “ఆర్” అంటే లోపల రెసిస్టరు, అంటే నిరోధం ఉన్నది. “6” వేడి అంకె. “ఇ” అంటే మరల పొడుగు 19 మిల్లీమీటర్లు. “ఎస్” అంటే మామూలు రాగి గర్భం గల కడ్డీ. చివర “11” అని ఉంటే సందు 1.1 మిల్లీమీటర్లు. ఒక పేరులో ఇంత సమాచారం! కనక వేరే కంపెనీది కొనవలసివస్తే అంకెను బట్టి ఊహించకూడదు. కంపెనీలవారు అచ్చువేసిన పట్టిక చూసి సరిపోల్చుకోవాలి.

రెసిస్టరు ఎందుకు?

హెర్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు 1887లో విద్యుత్తు రవ్వలు పుట్టించి, వాటి నుంచి రేడియో తరంగాలు వెలువడతాయని రుజువు చేశాడు. మరి ప్లగ్గులో పుట్టేదీ రవ్వే గదా! ప్రతి ప్లగ్గూ ఒక చిన్న రేడియో స్టేషనే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. దాని కార్యక్రమాలు వింటూ ఉండగా వీధిలో మోటారు సైకిలు పోతే రేడియో గరగరమనేది. పెద్దవాళ్ళకు ఇది గుర్తే. ఆ అల్లరిని తగ్గించటానికే ప్లగ్గులో సుమారు 5,000 ఓముల నిరోధం పెడతారు. పాత బండికి ఇది లేకపోయినా నడుస్తుంది. కాని కంప్యూటరు అమర్చిన ఇంజనులో రెసిస్టరు ప్లగ్గే వెయ్యాలి. లేకపోతే ఆ తరంగాలు కంప్యూటరును తికమక పెడతాయి.

సందు, లోహం

పాత పద్ధతి పాయింట్లు, కండెన్సరు ఉన్న బళ్ళకు సందు సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. విల్లీస్ జీపుకు 0.76. ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చాక కాయిళ్ళ బలం పెరిగింది, సందు 1.0, 1.1 దాకా పెంచారు. బలం తక్కువైన పాత కాయిలుకు పెద్ద సందు పెడితే రవ్వ దూకలేదు.

పాష్షెన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1889లో ఒక సూత్రం కనిపెట్టాడు. దాని ప్రకారం ఇంజనులో సందు పెరిగినా, వాయువు ఒత్తిడి పెరిగినా రవ్వ దూకటానికి వోల్టులు ఎక్కువ కావాలి. దీన్నిబట్టి ఒక చిత్రమైన సంగతి తెలుస్తుంది. ప్లగ్గు అరిగి సందు పెరిగిన బండి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది. టిక్కీలు నింపి, ఫ్లైఓవరు ఎక్కించబోతే తడబడుతుంది. బరువు లాగేటప్పుడు సిలిండరులోకి మిశ్రమం ఎక్కువగా వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, రవ్వ తప్పిపోతుంది. “నిన్న బాగానే ఉన్నదే!” అని ఆశ్చర్యపోవలసిన పని లేదు. నిన్న బండి ఖాళీగా ఉన్నది.

ఇక లోహం. మామూలు ప్లగ్గుల కొనలు నికెలు మిశ్రమంతో చేస్తారు. నికెలు 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ప్లాటినం 1,768, ఇరిడియం సుమారు 2,446. కరగటానికి ఎక్కువ వేడి కావలసిన లోహం రవ్వలకు తక్కువ అరుగుతుంది. అందుచేత ఇరిడియం ప్లగ్గు మామూలుదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తుంది, ఖరీదూ అంతే. అయితే పాత ఇంజను నూనె తాగుతూ ఉంటే ఇరిడియం ప్లగ్గు కూడా మసి పట్టి చెడిపోతుంది. అటువంటి బండికి మామూలు ప్లగ్గులు వేసి, వేళకు మార్చుకోవటమే లాభం. ఖరీదైనది వేస్తే బండికి కొత్త బలం వస్తుందనుకోవటం భ్రమ.

పాత ప్లగ్గు చెప్పే సాక్ష్యం

ఊడదీసిన ప్లగ్గును వెంటనే పారెయ్యకండి. వైద్యుడు నాలుక చూసినట్టు దాని కొన చూడాలి.

లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిపొడిగా నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అవుతున్నది. మన ప్రాంతంలో దీనికి ఒక కారణం ఎయిర్ ఫిల్టరు. పత్తి మిల్లుల దగ్గర ఎగిరే నూగు, మిరపకాయల దుమ్ము దాన్ని పూడ్చేస్తాయి. అప్పుడు ప్లగ్గు మార్చినా ప్రయోజనం లేదు; ముందు ఫిల్టరు శుభ్రం చెయ్యాలి. తడిగా, జిడ్డుగా ఉంటే పిస్టను రింగులో, వాల్వు సీళ్ళో అరిగి నూనె పైకి వస్తున్నది. తెల్లగా, పొక్కులు పొక్కులుగా ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతున్నది. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు. వెంటనే మెకానిక్కుకు చూపించాలి.

పాత పుస్తకాల్లోని రంగుల బొమ్మలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం విషం, కనక 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇప్పుడు చెరకు, ధాన్యాల నుంచి తీసిన ఎథనాలు కూడా పెట్రోలులో కలుస్తున్నది. అందుచేత నేటి ప్లగ్గు రంగు పాత బొమ్మలోదానికంటే లేతగా కనిపించవచ్చు.

బిగించే పద్ధతి

ఈ పని పెద్దవాళ్ళు చెయ్యాలి. మీరు పక్కన నిలబడి చూడండి, పానా అందించండి. ఇంజను నడుస్తూ ఉండగా ప్లగ్గు తీగలు ఎన్నడూ ముట్టుకోకూడదు. వేల వోల్టుల దెబ్బ తగులుతుంది.

ఇంజను పూర్తిగా చల్లబడాలి. వేడి మీద ప్లగ్గు విప్పితే మరలు ఊడిపోవచ్చు. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును ముందు ఊదెయ్యాలి. లేకపోతే ప్లగ్గు తియ్యగానే అది సిలిండరులో పడుతుంది. తీగలన్నీ ఒక్కసారి పీకకూడదు. ఒకటి తీసి, ఆ ప్లగ్గు మార్చి, ఆ తీగ దానికే పెట్టి, రెండోదానికి వెళ్ళాలి. తీగలు తారుమారైతే రవ్వలు వేళ తప్పుతాయి.

మామూలు ప్లగ్గు సందును ఫీలర్ గేజితో కొలిచి, అవసరమైతే పక్కనున్న కొక్కేన్ని మెల్లగా వంచి సరిచెయ్యవచ్చు. ఇరిడియం ప్లగ్గు కొన సూదిలాగా సున్నితమైనది. దాన్ని గీకరాదు, వంచరాదు. ప్లగ్గును మొదట చేత్తోనే తిప్పి లోపలికి దించాలి. చేత్తో దిగకపోతే మరలు కలవలేదన్న మాట. తీసి మళ్ళీ పెట్టాలి. అడుగు ఆనిన తరవాత, కొత్త వాచరు ఉన్న ప్లగ్గును పానాతో సుమారు అరచుట్టు తిప్పితే చాలు. వాచరు లేని ఏటవాలు రకానికి చుట్టులో పదహారో వంతు చాలు. “ఇంకొంచెం బిగిద్దాం” అనే బలశాలి మరలనే తెంపుతాడు.

నాలుగు ప్లగ్గులుంటే నాలుగూ ఒకే రకానివి ఒకేసారి మార్చటం మంచిది. తెలిసిన దుకాణంలో కొని బిల్లు తీసుకోవాలి. మంచి పేరున్న వస్తువులకు నకిలీలు కూడా వస్తాయి.

ఇంట్లో బండి లేనివాళ్ళు నిరుత్సాహపడనక్కర లేదు. పత్తికీ మిరపకూ మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు మీ ఊళ్ళో తప్పక ఉంటుంది. పెట్రోలుతో నడిచే దానిలోనూ ఒక ప్లగ్గు ఉన్నది. రెండు స్ట్రోకుల రకమైతే దానిలో ప్రతి చుట్టుకూ ఒక రవ్వ. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు. చేలో ఆ ప్లగ్గు చెడితే తెగులు ఆగుతుందా? ఆ పూట మందు ఆగుతుంది గాని, తెగులు ఆగదు.

కనక ఒక పని చెయ్యండి. మీ ఇంటి బండి పుస్తకం తెరిచి, ప్లగ్గు పేరు, సందు కొలత వెతకండి. పుస్తకం పోయి ఉంటే ఇంజను పేరు, నెంబరు రాసుకుని ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగండి. మరల పొడుగు, వేడి అంకె, సందు, రెసిస్టరు ఉన్నదీ లేనిదీ నాలుగు పంక్తుల్లో రాసి, ఆ కాగితాన్ని బండి పెట్టెలో అతికించండి. రేపు నడిదారిలో మెకానిక్కు “ఏ ప్లగ్గు వెయ్యమంటారు?” అని అడిగితే, మీ నాన్నగారు “ఏదో ఒకటి” అనకుండా ఆ కాగితం చూపిస్తారు.